ఇల్లు వదలకుండా అంతర్ముఖంగా బతకడం: ఒక సాధన క్రమం

అంతర్ముఖ జీవితం, అంటే ధ్యానం, జపం లాంటి వాటితో మనసును లోపలికి తిప్పుకుని బతకడం, మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది సెలవురోజును మనసులో పెట్టుకుని నియమాలు రాసుకుంటారు. తెల్లవారుజామున గంట ధ్యానం, సాయంత్రం అరగంట జపం, పడుకోబోయే ముందు పఠనం. ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చినా, ఆఫీసులో నెలాఖరు పని మీదపడినా ఆ నియమాలన్నీ గాలికి పోతాయి. రెండోసారి కూడా అలాగే అయ్యాక "ఇది మనవల్ల అయ్యేది కాదులే" అని వదిలేస్తారు.

కొలత పెట్టుకోవాల్సింది మీ అధ్వాన్నమైన రోజును చూసి. నిద్ర చాలని రోజు, మాటా మాటా పెరిగిన రోజు, ప్రయాణం ఉన్న రోజు కూడా ఎంత చేయగలరో అంతే మీ నియమం. మంచి రోజుల్లో దానిపైన ఎంత కుదిరినా లాభమే కానీ, దాన్ని లెక్కలో వేసుకోకూడదు. మీరు ఏ దేవుణ్ణి కొలిచినా, ఎవరినీ కొలవకపోయినా కింద చెప్పే క్రమం పనికొస్తుంది. మనసు నిలిపే ఆలంబన ఒక్కటే మారుతుంది.

## మొదటి వారం: ఊరికే చూడటం

ఈ వారం ఏ సాధనా వద్దు. ఒక కాగితం తీసుకుని రోజూ మూడు రకాల సమయాలు రాయండి. ఒకటి, ఎవరూ పిలవకుండా ఒంటరిగా దొరికే సమయం. రెండు, చేతులు పనిలో ఉండి మనసు ఖాళీగా ఉండే సమయం: గిన్నెలు కడగడం, ఇల్లు ఊడవడం, బట్టలు మడతపెట్టడం, నడక. మూడు, ఒక పని అయి ఇంకో పని మొదలయ్యే సందులు.

సంసారం ఉన్నవాళ్ళకు మొదటి రకం పది పదిహేను నిమిషాలకు మించి దొరకడం కష్టం. రెండో రకం మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది. మూడో రకం సందులు రోజులో బోలెడు వస్తాయి, ఒక్కొక్కటి అర నిమిషం కూడా ఉండదు, వాటిలో ఎక్కువ భాగాన్ని ఫోను తినేస్తుంది. వారంలో ఒక్కరోజు, ఎవరూ చేయకపోయినా మీ అంతట మీరే ఫోను తీసిన ప్రతిసారీ ఒక గీత గీయండి. తగ్గించుకోవాలని ప్రయత్నించకండి, గీత గీస్తే చాలు. ఆ గీతలున్న చోటే మీ సాధనకు స్థలం ఉంది.

వారం చివర కాగితం ముందు పెట్టుకుని అన్నింటికంటే చెడిపోయిన రోజు ఏదో గుర్తించండి. ఇకపై లెక్కంతా ఆ రోజుతోనే.

## కనీస నియమం

ఎక్కువమందికి కిందిది సరిపోతుంది:

- పొద్దున 10 నిమిషాలు కదలకుండా కూర్చోవడం
- పగలు మూడు సందుల్లో మూడేసి శ్వాసలు
- రోజూ ఎలాగూ చేసే ఒక చేతిపని, 10 నిమిషాలు మౌనంగా
- రాత్రి 5 నిమిషాలు ఆ రోజును వెనక్కి తిరిగి చూడటం

చేతిపని ఎలాగూ ఉన్నదే కాబట్టి కొత్తగా వెచ్చించేది పావుగంట. మీ చెడ్డ రోజుకు ఇది కూడా ఎక్కువైతే పది నిమిషాలను ఐదు చేయండి. మూడు నెలల వరకు పెంచకండి. రెండో వారంలో ఉత్సాహం పొంగి అరగంట కూర్చోవాలనిపిస్తుంది. కూర్చుంటే నాలుగో వారానికి ఆ అరగంటే బరువై మొత్తం ఎగ్గొట్టే రోజులు మొదలవుతాయి. యోగసూత్రాల్లో పతంజలి, అభ్యాసం గట్టి నేలలా నిలబడటానికి పెట్టిన షరతులు మూడు: చాలాకాలం చేయడం, ఎడతెగకుండా చేయడం, ఆదరంతో చేయడం. ఒక్క పూటలో ఎంతసేపు కూర్చోవాలన్నది అందులో లేదు.

సమయాన్ని గడియారానికి కాక ఒక పనికి ముడిపెట్టండి. "ఐదున్నరకు" అని పెట్టుకుంటే ఆరుకు లేచిన రోజు నియమం పోయినట్టే. "ముఖం కడుక్కున్నాక, ఫోను ముట్టకముందు" అని పెట్టుకుంటే ఎన్నింటికి లేచినా నిలుస్తుంది. ఫోను ముట్టకముందు అన్నది అలంకారానికి చెప్పింది కాదు. ఒక్క సందేశం చదివితే చాలు, ఆ పది నిమిషాలూ దానికి జవాబు రాయడంలోనే పోతాయి. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో పొద్దుటి మాట మరిచిపోండి, బిడ్డ నిద్రపోగానే కూర్చోండి.

## కూర్చోవడం

బాసిపట్టు వేసుకుని నేల మీద కూర్చుంటే మోకాళ్ళకంటే తుంటి ఎత్తులో ఉండాలి. లేకపోతే కటి వెనక్కి వాలుతుంది, వీపు గూనవుతుంది, ఆ బరువంతా నడుము కండరాల మీద పడుతుంది. ఐదారు నిమిషాలకే నడుము లాగడానికి కారణం అదే, దాన్ని ఓర్చుకోవడం తపస్సు కాదు. దుప్పటి మడతలు వేసి నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తు చేసుకుని దాని ముందంచు మీద కూర్చోండి. కాళ్ళు తిమ్మిరెక్కితే ఎత్తు ఇంకొంచెం పెంచండి. లేచేటప్పుడు తిమ్మిరి పోయిందాకా ఆగండి, మొద్దుబారిన పాదం మీద బరువు వేస్తే చీలమండ మెలిక పడుతుంది. కుర్చీయే నయమనిపిస్తే కుర్చీలోనే కూర్చోండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి, వీపు కుర్చీకి ఆనకూడదు.

కళ్ళు మూసుకోవచ్చు, సగం తెరిచి మూడు నాలుగు అడుగుల దూరంలో నేల మీద చూపు నిలపొచ్చు. కునుకు పట్టేవాళ్ళకు రెండోది మేలు. సమయం చూసుకోవడానికి అలారం గడియారం ఉంటే మంచిది. ఫోనే దిక్కైతే విమాన మోడ్‌లో పెట్టి చేయి అందనంత దూరంలో ఉంచండి.

ఆలంబన ఒక్కటే ఎంచుకోండి: శ్వాస, లేదా ఒక నామం, లేదా ఒక చిన్న ప్రార్థనావాక్యం. మూడు నెలల దాకా మార్చకండి. ఏది ఎంచుకోవాలన్న మీమాంసలో వారాలు గడిపేవాళ్ళున్నారు, నిజానికి తేడా అంత లేదు. భక్తి ఉన్నవాళ్ళు నామం తీసుకుంటే మనసు త్వరగా ఆనుకుంటుంది, లేనివాళ్ళకు శ్వాస చాలు.

శ్వాస అయితే: వదిలిన ప్రతి ఊపిరి చివర ఒక అంకె, ఒకటి నుంచి పది దాకా, మళ్ళీ ఒకటి. అంకె తప్పితే ఎక్కడ తప్పిందో వెతక్కుండా ఒకటి దగ్గరికి రండి. పదిహేడు, పద్దెనిమిది అంటూ పోతున్నట్టు గమనిస్తే నోరు లెక్కపెడుతోంది, మీరు అక్కడ లేరని అర్థం. ఛాతీ బిగుసుకుంటుంటే మీకు తెలియకుండానే ఊపిరిని నడిపిస్తున్నారు. వదలడం మాత్రం గమనించి, పీల్చడాన్ని దాని మానాన వదిలేయండి.

నామం అయితే మన సంప్రదాయంలో జపానికి మూడు తీరులు చెప్పారు. పైకి వినిపించేది వాచికం, పెదవులు మాత్రం కదిలేది ఉపాంశువు, లోలోపల సాగేది మానసికం. మానసికం శ్రేష్ఠమని విని అందరూ దానితోనే మొదలుపెడతారు, అరక్షణంలో నామం ఒక దారి, మనసు ఒక దారి. ఉపాంశువుతో మొదలుపెట్టండి. పెదవి ఆగిపోతే వెంటనే తెలుస్తుంది. నామం దానంతటదే లోపలికి దిగినప్పుడు దిగనివ్వండి.

పది నిమిషాల్లో నిజంగా జరిగేది ఇలా ఉంటుంది. రెండు మూడు శ్వాసలు శ్రద్ధగా నడుస్తాయి. నాలుగోదానికి ఎవరో నిన్న అన్న మాట గుర్తొస్తుంది. దానికి ఒక జవాబు, ఆ జవాబుకు వాళ్ళ జవాబు. దవడ బిగుస్తుంది, భుజాలు కొద్దిగా పైకి లేస్తాయి. ఎంతసేపటికో "అరె, కూర్చున్నానుగా" అని మెలకువ వస్తుంది. ఆ మెలకువ వచ్చిన క్షణమే అసలు సాధన. అప్పుడు చేయాల్సిన పనులు రెండే: దవడ వదులు చేయడం, తర్వాతి శ్వాసకు ఒకటి అనడం. తిట్టుకోవద్దు, ఎందుకు పోయిందని విచారణ వద్దు, ఆ విచారణ కూడా ఇంకో ఆలోచనే. పది నిమిషాల్లో ముప్ఫైసార్లు పోయి ముప్ఫైసార్లు వస్తే ఆ పూట బాగా జరిగినట్టే.

కునుకు విషయంలో బుద్ధుడు తన శిష్యుడు మౌద్గల్యాయనుడికి చెప్పిన వరుస ఇప్పటికీ పనిచేస్తుంది. మనసులో పట్టుకున్న విషయం మార్చడం, చెవులు లాగి ఒళ్ళు రుద్దుకోవడం, లేచి కళ్ళకు నీళ్ళు కొట్టుకుని నలుదిక్కులా చూడటం, అటూ ఇటూ నడవడం. ఇవేవీ పనిచేయకపోతే మెలకువ రాగానే లేవాలన్న ఎరుకతో కుడిపక్కకు తిరిగి పడుకోవడం. ఆ చివరి మెట్టును చాలామంది ఓటమిగా చూస్తారు. రోజూ కునుకు పడుతుంటే లోపం భక్తిలో కాదు, రాత్రి నిద్రలో ఉంది. ముందు నిద్ర సరిచేసుకోండి.

## సందులు

పగటిపూట మూడు సందులు ఎంచుకోండి. అవి తప్పనిసరిగా జరిగేవి కావాలి: ఇంటి తాళం తీసేముందు, కంప్యూటర్ తెరిచేముందు, మోగుతున్న ఫోను ఎత్తేముందు. అక్కడ మూడు శ్వాసలు లేదా మూడు నామాలు. ఫోనును రెండుసార్లు మోగనివ్వండి, మూడోసారికి ఎత్తండి. పక్కనున్నవాళ్ళకు తేడా తెలియదు, తెలియకూడదు కూడా.

ఇది కష్టం కావడానికి కారణం మరుపు అనుకుంటారు. మరుపు సగమే. మిగతా సగం, చేతిలో ఉన్న పనిని వదల్లేకపోవడం. ఈజిప్టు ఎడారిలోని క్రైస్తవ సన్యాసుల గురించి ఐదో శతాబ్దంలో కాసియన్ అనే సన్యాసి రాసినదాంట్లో ఒక వివరం ఉంది. ప్రార్థనకు పిలుపు వినిపించగానే, రాతపని చేస్తున్న సన్యాసి మొదలుపెట్టిన అక్షరాన్ని కూడా పూర్తిచేయకుండా లేచేవాడట. ఆ సగం అక్షరాన్ని వదిలే కండరాన్నే ఇక్కడ పెంచుకోవాలి. "ఈ ఒక్క మెయిల్ పంపేసి" అన్నచోట సందు మూసుకుపోతుంది.

గుర్తుండటానికి మొదటి రెండు వారాలు తలుపు పిడికి దారం కట్టొచ్చు, ఫోను వెనక రంగు కాగితం అంటించొచ్చు. మూడో వారానికి కన్ను దానికి అలవాటుపడి చూడటం మానేస్తుంది. అప్పుడు దాని చోటు మార్చండి. గంటగంటకూ మోగే యాప్ మాత్రం పెట్టుకోవద్దు, మీటింగు మధ్యలో మోగిన రెండోరోజే దాన్ని తీసేస్తారు.

## చేతులతో చేసే పని

పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో కార్మెలైట్లనే క్రైస్తవ సన్యాసుల మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయనకు వంటింటి పని అప్పగించారు. ఆయనకు ఆ పని ఇష్టం లేదు. ప్రార్థన వేళకూ గిన్నెల చప్పుడు వేళకూ తేడా లేనంతగా ఆయన ఆ పనిలోనే దైవసన్నిధిని అలవాటు చేసుకున్నాడు. ఇష్టమైన పని ఎంచుకోనక్కర్లేదని చెప్పడానికే ఈ మాట.

ఆలోచించకుండా చేయగల ఒక పని తీసుకోండి, గిన్నెలు కడగడం అనుకుందాం. పాటలు, వార్తలు కట్టేయండి. నీటి చప్పుడు వినండి. నీళ్ళ చలువో వేడో చేతికి ఎలా ఉందో చూడండి. ఒక గిన్నె పూర్తిగా కడిగి, చప్పుడు కాకుండా బోర్లించి, అప్పుడే రెండోది తీయండి. చేతిలో ఒకటి ఉండగానే కన్ను తర్వాతి గిన్నె మీదికి పోతుంది. ఆ కంటిని పట్టుకోగలిగితే చాలు, మిగతాదంతా దానివెంటే వస్తుంది. మనసు పారిపోయిందనడానికి ఇంకో గుర్తు, చేతుల వేగం పెరగడం. వేగం తగ్గించండి, మనసు దానంతటదే తిరిగొస్తుంది.

రెండు జాగ్రత్తలు. బండి నడిపేటప్పుడు, యంత్రం దగ్గర, పొయ్యి దగ్గర లోపలికి ముడుచుకునే ధ్యానం పనికిరాదు. అక్కడ ధ్యాసంతా దారి మీద, చేతుల మీదే. రెండోది, లెక్కలు, రాత, చదువు లాంటి బుద్ధితో చేసే పనుల మధ్య జపం ఇరికించకండి, రెండూ చెడతాయి. పని మొదలుపెట్టేముందు ఒక శ్వాస, ముగించాక ఒక శ్వాస, మధ్యలో నిండుగా పనే.

## మనుషుల మధ్య

సూఫీల్లో నఖ్‌ష్‌బందీ అనే శాఖవాళ్ళకు ఒక సూత్రం ఉంది, ఖల్వత్ దర్ అంజుమన్. జనం మధ్యలోనే ఏకాంతం. దానికి తోడుగా రెండు చిన్న అభ్యాసాలు చెప్పారు: ఊపిరి ఊపిరికీ ఎరుక, నడిచేటప్పుడు చూపు పాదాల మీద. వాళ్ళలో చాలామంది వ్యాపారాలు, చేతివృత్తులు చేసుకునేవాళ్ళే కాబట్టి ఇవి బజారులో కూడా పనికొచ్చేలా ఉన్నాయి.

సంభాషణలో చేయదగ్గది ఒక్కటే. ఎదుటివాళ్ళు మాట్లాడుతుండగా పాదాలు నేలకు ఆనిన చోటు తెలుసుకుంటూ, వాళ్ళ మాట పూర్తయ్యాక ఒక ఊపిరి ఆగి జవాబివ్వండి. కోపం వచ్చేది ముందు ఒంట్లోనే తెలుస్తుంది: మెడ వేడెక్కుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది. అప్పుడు ఊపిరి పొడుగ్గా వదలండి. కోపం పోదు, నోటికి చేరేలోపు కాస్త ఆలస్యమవుతుంది, అంతే కావాలి. అలా ఆగడం చూసి "నేను మీలా కాదు" అన్నట్టు ఎదుటివాళ్ళకు అనిపిస్తే మాత్రం పాడైనట్టే. సాధన మొదలుపెట్టినవాళ్ళు ఇంట్లోవాళ్ళకు భరించరానివాళ్ళు కావడానికి ఈ నటనే మూలం.

ఇంట్లో ఒక్కసారి చెప్పండి: "పొద్దున పది నిమిషాలు నన్ను కదపొద్దు, అత్యవసరమైతే పిలవండి." అంతకుమించి వివరణ వద్దు, బోధలు అసలే వద్దు. పిల్లవాడు ఏడిస్తే లేచి వెళ్ళండి. విసుగు లేకుండా లేచారా లేదా అన్నదే ఆ పూటకు పరీక్ష. ఇంటిపని ఇంకొకరి నెత్తిన వేసి దొరికించుకున్న ఏకాంతం ఎక్కువకాలం నిలవదు, నిలవాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు.

## చదవడం

రోజుకు పది పంక్తులు చాలు, ఒకే గ్రంథంలోంచి. రెండుసార్లు చదవండి, రెండోసారి పైకి. తగిలిన ఒక్క వాక్యాన్ని పట్టుకుని పుస్తకం మూసేయండి, ఆ వాక్యమే ఆ రోజు సందుల్లో తోడు. వేదాంతంలో శ్రవణ మనన నిదిధ్యాసనాలన్నా (వినడం, తర్కించుకోవడం, దానిమీదే మనసు నిలపడం), పన్నెండో శతాబ్దంలో కార్తూసియన్ శాఖకు చెందిన క్రైస్తవ సన్యాసి గిగో చెప్పిన చదువు, మననం, ప్రార్థన, నిశ్చల దర్శనం అన్నా, చదవడం మొదటి మెట్టు మాత్రమే. మనవాళ్ళలో ఎక్కువమంది ఆ మెట్టు మీదే కాపురం పెడతారు. వీడియో ప్రవచనాలు వినడం కూడా శ్రవణమే, సాధన ఖాతాలో వేసుకోకండి.

## రాత్రి ఐదు నిమిషాలు

జెసూట్ క్రైస్తవ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా పదహారో శతాబ్దంలో పెట్టిన ఆత్మపరిశీలనలో ఐదు అంచెలున్నాయి: కృతజ్ఞత, చూడటానికి వెలుగు అడగడం, గంట గంటగా రోజును చూడటం, క్షమాపణ, రేపటికి దిద్దుబాటు. ఈ వరుసలో కృతజ్ఞత ముందుండటానికి కారణముంది. తప్పులతో మొదలుపెడితే ఐదు నిమిషాలూ తప్పులే అవుతాయి.

పడక మీద కాదు, కూర్చుని చేయండి. లేచినప్పటి నుంచి రోజును ముందుకు నడిపించండి. ఎక్కడ మనసు బిగిసింది, ఎక్కడ తేలికైంది, అంతవరకే. చివర కాగితం మీద ఒకే వాక్యం, "రేపు ఫలానాచోట ఆగుతాను" అని. "రేపు కోప్పడను" అని రాస్తే లాభం లేదు, చోటు పేరు ఉండాలి. తనను తాను తవ్వుకునే స్వభావం ఉన్నవాళ్ళు క్షమాపణ అంచె ఒక్క నిమిషంలో ముగించాలి, అలారం పెట్టుకుని మరీ.

## ఎండిపోయిన నెలలు

రెండో నెలకో ఆరో నెలకో సాధన మీద రుచి పోతుంది. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఉన్న క్రైస్తవ సన్యాసి ఎవాగ్రియస్ దీన్ని మధ్యాహ్నపు దయ్యం అన్నాడు. సూర్యుడు కదలనట్టు, పగలు యాభై గంటలున్నట్టు అనిపిస్తుందట. సన్యాసి మాటిమాటికీ కిటికీవైపు చూస్తాడు, ఉన్నచోటు మీద, తోటివాళ్ళ మీద విసుగు పుడుతుంది, ఇంకెక్కడికైనా పోతే బాగుపడతానన్న ఆశ పుడుతుంది. ఇప్పుడు అదే దయ్యం కొత్త గురువు, కొత్త పద్ధతి, కొత్త యాప్ రూపంలో వస్తుంది. విరుగుడు ఒక్కటే: ఆలంబన మార్చకుండా కనీస నియమం దగ్గర నిలబడటం. పెంచకండి, రుచి కోసం వెతక్కండి.

రుచి పోవడం వేరు, కుంగుబాటు వేరు. నిద్ర, ఆకలి తప్పడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కూర్చున్నప్పుడల్లా పాత భయానక జ్ఞాపకాలు ముంచెత్తినా, మీరు మీరు కానట్టు, లోకం నిజం కానట్టు అనిపించడం వదలకపోయినా కూర్చోవడం ఆపి కళ్ళు తెరిచి నడవండి, చేతిపనికి పరిమితం కండి, తెలిసిన వైద్యులతో మాట్లాడండి. ధ్యానం చేస్తున్నామని మందులు ఆపకూడదు.

## ఎగ్గొట్టిన రోజులు, పెంచడం

ఒకరోజు తప్పితే మర్నాడు రెట్టింపు చేయకండి. బాకీ తీర్చే లెక్క మొదలైతే వారంలో తీర్చలేనంత బాకీ పేరుకుంటుంది. మూడు రోజులు వరసగా తప్పితే కొలత ఎక్కువైందని అర్థం, సగానికి తగ్గించి రెండు వారాలు నడపండి. జ్వరంలో పడుకునే పది నామాలు చాలు. ప్రయాణంలో కళ్ళు తెరిచి, ఉన్న సీట్లోనే.

మూడు నెలల్లో వారానికి ఒకటికి మించి తప్పకపోతే పొద్దుటి కూర్చోవడాన్ని 15 నిమిషాలు చేయండి, ఇంకో మూడు నెలలకు 20. నెలకోసారి మూడు గంటల మౌనం చేర్చండి: ఫోను ఆపేసి, గంట నడక, కాసేపు కూర్చోవడం, కాసేపు చేతిపని. మొదటి గంట చిరాగ్గానే ఉంటుంది, అందుకే మూడు గంటలు. ముందుకు వెళ్తున్నామా లేదా అన్నది కూర్చున్నప్పుడు కనిపించిన వెలుగులను బట్టి చూడకండి. ఒకసారి వచ్చిన కోపం చల్లారడానికి ముందు ఎంతసేపు పట్టేది, ఇప్పుడెంతసేపు పడుతోంది, అది చూడండి. మీకు తేల్చుకోవడం కుదరకపోతే ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది.

20 నిమిషాలు దాటాలనుకున్నప్పుడు మార్గం తెలిసిన మనిషి తోడు కావాలి. ఆ మనిషి మీ ఇంటివాళ్ళను దూరం పెట్టమన్నా, జరిగేవి రహస్యంగా ఉంచమన్నా, డబ్బు విషయంలో ఒత్తిడి తెచ్చినా, ప్రశ్న అడిగితే మీ శ్రద్ధనే శంకించినా అక్కడ ఉండకండి. మీ కష్టమైన రోజుల గురించి అడిగి తెలుసుకుని దాన్నిబట్టి కొలత తగ్గించమని చెప్పగలిగిన వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు.